నలభై ఒక్క రోజుల అతిథి

క్లాతెన్, సోమవారం

సెమరాంగ్ సహకార అంగడి, యంత్రాల విభాగం వారికి విగాతి సలాములతో రాసేది.

ఫోనులో మాట్లాడాలంటే నాకు బెరుకు. అందుకని రోజూ నా రెంపెయెక్ అప్పడాల డబ్బాలు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు పాక్ సర్జోనో చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ ఫోను అంగడిలో నా కొట్టు తెరుచుకోవడానికి పావుగంట పడుతోంది. అంతసేపు ఎవరు ఆగుతారు? లెబరాన్ పండగ ఇరవై రోజుల్లో ఉంది. నాదంటూ నాకున్న మొదటి వస్తువు ఈ కొట్టు.

మీరు పంచిన కరపత్రం మూడో పేజీలో మీ కంప్యూటర్ తెర ఫోటో ఉంది. దాని పైన ఒక చిరునామా ఉంది. ఉన్నది ఉన్నట్టు ఫోనులో కొట్టాను. తాళం అడగకుండానే తెరుచుకుంది. లోపల వరసగా పెట్టెలు. ఒకటి ఆర్డర్లు రాసుకుంటోంది, ఒకటి బొమ్మలు చూపిస్తోంది, ఒకటి మా అందరి చిరునామాలూ దాస్తోంది. వాటన్నిటి మీదా ఒక మేస్త్రి. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు, పొయ్యి మీద నూనె మాడేదాకా చూస్తూ కూర్చున్నాను.

(రెండో కాగితం)

మిగతావాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఒక్కరే తేడాగా ఉన్నారు. ఇంటిపేరు లేదు. వచ్చి నలభై ఒక్క రోజులైంది. మొత్తం మేతలో పదింట తొమ్మిది వంతులు ఆ ఒక్కరే తింటున్నారు. మా వీధిలో ఎవరింటికైనా వచ్చిన అతిథి ఒక పగలూ రాత్రీ దాటి ఉంటే వీధి పెద్దకి చెప్పి పుస్తకంలో రాయించాలి. మా ఆయనే వీధి పెద్ద. ఆయన రాత ఆయనకే అర్థం కాదు గనక పుస్తకం నేనే రాస్తాను. ఈ అతిథి గురించి మీరెవరికైనా చెప్పారా?

ఇట్లు, మీ విగాతి

తా.క. పరాయివాళ్ళ అతిథులతో మనకేం పని అంటున్నారు మా ఆయన. మా వదిన వస్తే మాత్రం గంటలు లెక్కపెట్టారు.

*

సెమరాంగ్, మంగళవారం

గౌరవనీయులైన మ్బక్ విగాతికి, యంత్రాల విభాగం నుంచి బ్రమంత్యో.

మీ ఉత్తరం అప్పడాల డబ్బాల మీద ప్రయాణం చేసినట్టుంది. మొదటి కాగితం నూనెలో తడిసి అద్దంలా అయిపోయింది, ఒక్క అక్షరం మిగల్లేదు. రెండోది చదివి లేచి తలుపు గడియ పెట్టాను.

ఈ సంగతి క్లాతెన్ దాకా ఎలా వచ్చింది? అవును, ఆఫీసు వెనక నా గదిలో మా బావగారు ఉంటున్నారు. భార్యతో మాట పట్టింపు వచ్చి సంచీతో దిగారు. ఎన్ని రోజులైందో నేను లెక్క మరిచిపోయాను, మీరే సరిగ్గా చెప్పారు. పండగలోపు పంపేస్తాను. మా మేనేజరు బు హెస్తి చెవిన మాత్రం వేయకండి, నా ఉద్యోగం మిగలదు.

మీ కొట్టు నెమ్మదిగా తెరుచుకుంటోందని పాక్ సర్జోనో చెప్పాడు, అది మీ ఫోను లోపం. ఒకసారి ఆపి మళ్ళీ వెలిగించండి.

భవదీయుడు, బ్రమంత్యో

తా.క. పదింట తొమ్మిది అన్నారు చూశారూ, అది నిజమే. నిన్న నాకు మిగిలింది చారు మాత్రమే.

*

క్లాతెన్, బుధవారం

మాస్ బ్రమంత్యో గారికి విగాతి సలాములు.

మీ బంధువని తెలియక తొందరపడ్డాను, మన్నించండి. మొదటి కాగితంలో మీ తలుపు తోసి చూసిన సంగతి రాశాను. పోతే పోయింది, మళ్ళీ రాయాలంటే సిగ్గుగా ఉంది.

కానీ మాస్ బ్రమంత్యో, ఆయన పొద్దున ఇంకో నలుగురిని తెచ్చుకున్నారు. అందరిదీ అదే పేరు, చివర అంకెలే తేడా. అయిదుగురూ తింటున్నారు. మా చిరునామాలున్న చోటికి పక్కనే మకాం. ఏం పని చేస్తున్నారో చూస్తే, ఏవో నాణేలు తవ్వి ఎక్కడో విదేశానికి పంపుతున్నారు. నా కొట్టు ఇవాళ నలభై నిమిషాలకి తెరుచుకుంది. అరవై పొట్లాలు అడిగినావిడ విసుగొచ్చి వద్దనేసింది.

మా వీధిలో అయితే మొదట మర్యాదగా చెప్తాం, వినకపోతే వీధి చివరిదాకా సాగనంపుతాం. మీకు మొహమాటమైతే నేను పంపనా? బంధువు కదా, మీ మాట లేకుండా ముట్టుకోను.

ఇట్లు, విగాతి

తా.క. ఫోను ఆపి వెలిగించాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.

*

సెమరాంగ్, గురువారం

మ్బక్ విగాతికి,

నలుగురా? ఉన్నది ఒకటే పరుపు. నిన్న నేను బజారుకి వెళ్ళినప్పుడు డొమినో ఆడేవాళ్ళని పిలిచి ఉంటారు. నాణేల వ్యాపారం ఒకటి మొదలుపెడతానని అంటూనే ఉన్నారు, నేను నమ్మలేదు.

మీరు పంపగలిగితే అంతకంటే కావలసిందేముంది. నేను పదిసార్లు చెప్పి చూశాను. ఎలా పంపినా సరే, నాకు పూర్తి సమ్మతం. ఇది నా చేవ్రాలు.

బ్రమంత్యో

తా.క. భార్య పేరెత్తకండి, ఏడుస్తారు.

*

క్లాతెన్, శుక్రవారం

మాస్ బ్రమంత్యో గారికి సలాములు.

పని అయింది. నిన్న వ్యానులో మీ సమ్మతి అందగానే మళ్ళీ లోపలికి వెళ్ళాను. పేరు పక్కన ‘తీసివేయి’ అని ఉంటే, బిస్మిల్లా అనుకుని నొక్కాను. వెళ్ళారు. నేను పైట సర్దుకునేలోగా కొత్త అంకెతో తిరిగొచ్చారు. ఏడుసార్లు పంపాను, ఏడుసార్లూ వచ్చారు. మొండితనం ఆయనది కాదు, ఆ మేస్త్రిది. ఒకరు పడిపోతే ఇంకొకరిని నిలబెట్టమని అతనికి ఎవరో ఆజ్ఞ రాసిచ్చారు. వెతికితే ఆ కాగితం దొరికింది. ‘ఎంతమంది ఉండాలి’ అన్నచోట అయిదు ఉంది. సున్నా చేశాను. అయిదుగురూ ఆరిపోయారు.

నా కొట్టు ఇప్పుడు రెప్పపాటులో తెరుచుకుంటోంది. ఒక్క సంగతి అడగనా? అంత పెద్ద మేస్త్రి, నేనెవరినని కూడా అడగకుండా నా మాట ఎందుకు విన్నాడు? మా ఆయనే వినరు.

ఇట్లు, విగాతి

తా.క. మీ బావగారికి దారి ఖర్చు కూడా ఇవ్వకుండా పంపాను, బాధపడితే చెప్పండి.

*

సెమరాంగ్, శనివారం

శ్రీమతి విగాతి గారికి,

ఫోను అంగడిని నడిపే పెట్టెల గుంపులోకి, అంటే మా కంటైనర్ల క్లస్టర్‌లోకి, గురువారం మీ ఫోను నుంచి ఎవరో యజమాని హోదాలో చొరబడి ఏడుసార్లు తొలగింపులు చేసినట్టు తేలింది. విచారణ పూర్తయ్యేదాకా మీ కొట్టు మూసివేశాం. అభ్యంతరాలుంటే మేనేజరు బు హెస్తి గారికి రాసుకోవచ్చు.

బ్రమంత్యో, యంత్రాల విభాగం

తా.క. మా బావగారు ఇక్కడే ఉన్నారు. ఇప్పుడే అన్నం తిన్నారు. మరి మీరు పంపింది ఎవరిని?

*

క్లాతెన్, ఆదివారం

మేనేజరు బు హెస్తి గారికి, మీరెన్నడూ చూడని విగాతి సలాములతో.

నేను ఆరో తరగతి దాకా చదివాను. చొరబడటం అనే మాట నా గురించి ఎవరైనా రాస్తారని అనుకోలేదు. నాలుగు వందల పొట్లాలు డబ్బాల్లో ఉన్నాయి, పండగకి రెండు వారాలే ఉంది. కొట్టు తెరవకపోతే మెత్తబడతాయి. మా అత్తగారు గంటకోసారి వచ్చి డబ్బాల వంక చూసి వెళ్తున్నారు.

నా దగ్గరున్నవి పంపుతున్నాను. తాళం లేని చిరునామా అచ్చయిన కరపత్రం. మాస్ బ్రమంత్యో నాకు రాసిన ఉత్తరాలన్నీ, ఎలా పంపినా సరే అన్న ఆయన చేవ్రాలుతో సహా. మా అతిథుల పుస్తకంలో నేను రాసుకున్న పేజీ నకలు. అందులో వచ్చిన రోజు చూడండి. కరపత్రం పంచిన మర్నాడే ఆ అతిథి దిగాడు. తలుపు నేను తెరవలేదు, బు హెస్తి. తెరిచి ఉన్న తలుపులోంచి నాకంటే ముందు ఇంకెవరో వెళ్ళారు.

ఇట్లు, విగాతి

తా.క. ‘ఎవరింటి అతిథి’ అన్న గడిలో మాస్ బ్రమంత్యో పేరు రాశాను. తప్పయితే కొట్టేస్తాను.

*

సెమరాంగ్, సోమవారం

మ్బక్ విగాతికి హెస్తి ఆశీస్సులు.

నీ కొట్టు ఈ పొద్దున తెరిపించాను. చొరబడ్డారన్న మాటకి బ్రమంత్యో క్షమాపణ వేరే రాస్తాడు, రెండు కాగితాలూ నిండేలా రాయమన్నాను.

నువ్వు పంపింది దొంగ పెట్టె. మన యంత్రాల కండబలంతో ఎవరికో బిట్‌కాయిన్ లాంటి కంప్యూటర్ నాణేలు తవ్విపెడుతోంది. ఆ పేజీకి తాళం వేయడం బ్రమంత్యో మరిచాడు. పైగా తలుపు తీసిన ప్రతివాడినీ యజమాని అనుకోమని మేస్త్రికి చెప్పిపెట్టాడు. తొందర పనికి అలా వదిలేశానంటాడు. నువ్వు ఆపకపోతే, నీకంటే ముందు వచ్చినవాడు అడ్రసుల పెట్టె కూడా పట్టుకుపోయి ఉండేవాడు. ఇప్పుడు తాళం పడింది, యజమాని హోదా ఇద్దరికే. ప్రతి గురువారం ఆ పెట్టెల జాబితా చదివి, ఇరవై నాలుగు గంటలు దాటిన కొత్తవాళ్ళ పేర్లు మాకు రాయడం ఇకనుంచి నీ పని. మార్చే అధికారం ఉండదు, చూసే అధికారమే. మిగతావాళ్ళకి అదీ లేదు.

ఇక రెండో అతిథి సంగతి. బ్రమంత్యో నా తమ్ముడు. వాడు బావగారని రాసిన మనిషికి నేనే భార్యని. నలభై ఎనిమిది రోజులుగా ఆయన కోసం సోలో, జోగ్జా ఊళ్ళు తిరిగాను, మసీదుల్లో అడిగించాను. నా కుర్చీ వెనక గోడకి అవతలే ఉన్నారు. నువ్వు పంపిన ఉత్తరాలు చదివి లేచి వెళ్ళి తలుపు కొట్టాను. నా అన్నం గిన్నెలోంచే తింటున్నారు. అది నెలన్నర కింద పోయిందనుకున్న గిన్నె.

ఇంటికి తీసుకెళ్ళాను. పుస్తకంలో ‘వెళ్ళిన రోజు’ గడిలో ఇవాళ్టి తేదీ వేసుకో.

హెస్తి

తా.క. ఆయన మళ్ళీ సంచీ సర్ది మా తమ్ముడి గదిలో దిగితే నీ ఉపాయమే కావాలి. ఆ సున్నా ఎక్కడ పెట్టాలో నాకూ నేర్పించు.