ఎడమ చక్రం ఒక్కటే కాలుతోంది

నవ్వాఫ్ అన్నయ్యా, ఇవాళ కారు తియ్యకు. నిన్న లోయ నుంచి కొండ మీది మన ఊరు సల్త్‌కి ఎక్కి వచ్చాక ముందు చక్రాల మీద నీళ్ళు చిలకరించా. ఎడమది చుయ్యిమంది, కుడిది ఊరికే తడిసింది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? అయినా కాలిందంటే అది బిగుసుకుపోయి చక్రాన్ని వదలట్లేదన్నమాట. ఆ వైపు ప్యాడ్ రేకుదాకా అరిగింది.

"మా చెల్లి రుదైనా బ్రేకు మీంచి కాలే తియ్యదు" అని కాఫీకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పావుగా! నా కాలిదే తప్పైతే రెండువైపులా సమానంగా అరగాలి. పెట్రోలు మిగులుతుందని కొండ మీంచి న్యూట్రల్‌లో దిగేది నువ్వు. ఈ బ్రేకుతో అలా దిగితే మలుపులో ఆగదు.

సాయంత్రం మెకానిక్‌ ఇంటికే వస్తాడు. మక్లూబా వేడి చేసుకుని తిను.

తాళాలు వెతక్కు, నా సంచీలో ఉన్నాయి. నాతో పోట్లాడ్డానికైనా నువ్వుండాలి కదా.