లెక్కలోకి రాని గ్లాసు

బావా,

నువ్వు పోయి రేపటికి పదిహేనేళ్లు. నీ మేనకోడలు పద్మ ఇప్పుడు ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. మూసిన గదిలో ఒకరికి టీబీ ఉంటే మిగతావాళ్లకి అంటుకునే ప్రమాదమెంతో తేల్చే లెక్క ఒకటి నిన్న నాకు చూపించింది. ఉదాహరణకి మన మల్కాపురం గదినే తీసుకుంది.

గది కొలతలు, అందులో మనుషులు, నీతో గడిపిన గంటలు, గాలి ఎన్నిసార్లు మారేదీ, అన్నీ రాసింది. కిటికీ మూసి ఉందని లెక్క కడితే అంకె చాలా పెద్దదొచ్చింది. తెరిచి ఉందని కడితే అది బాగా తగ్గిపోయింది. పోర్టు దుమ్ము ఇల్లంతా పడుతోందని నేనెంత అరిచినా నువ్వు కిటికీ మూయనిచ్చేవాడివి కాదు. "డాట్రు తెరిసే ఉంచమన్నాడు బావా, సిన్నపిల్ల ఉంది కదా" అనేవాడివి.

"మరి మీ మావయ్య గ్లాసు ఇందులో ఎక్కడేసినావే?" అని అడిగాను.

"గ్లాసేటి నాన్నా?"

మేకుతో గీత గీసి నీకోసం వేరుగా పెట్టిన గ్లాసు. అందులో నీళ్లు తాగిందని ఆరేళ్ల పద్మని నేను కొట్టాను. నువ్వు గుమ్మంలోంచి చూశావు. ఆ తర్వాత కుళాయి దగ్గర దోసిలితోనే తాగావు.

"ఈ జబ్బు గాల్లోంచి వస్తాది నాన్నా. గ్లాసుకి ఇందులో పనే లేదు" అంది.

ఇన్నేళ్లూ పద్మ దగ్గితే చాలు, నాకు ఆ గుక్కెడు నీళ్లే గుర్తొచ్చేవి.

ఈ పొద్దున గూట్లోంచి ఆ గీత గ్లాసు తీసి, అందులో టీ పోసుకున్నాను. పద్మ తనకీ ఓ గుక్క కావాలంది. ఇచ్చాను.