ఐదు ఆంపియర్ల ఫ్యూజు

ఏప్రిల్ 24, 1996

కరెంటు పోలేదు. తీసేశారు. ఓనరు కిషన్ రావు మనుషులు పొద్దున వచ్చి మా పోర్షన్ వైరు కట్ చేసి వెళ్లారు. చిక్కడపల్లి అంతా ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మా ఇల్లు తప్ప. ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టాలట. మిగతా కిరాయిదార్లు ఎప్పుడో ఖాళీ చేశారు. కేసు తేలేదాకా కదలనంటుంది విద్యావతక్క. నిజానికి కదలలేదు కూడా. గుండె జబ్బు. మంచం దిగితే ఆయాసం. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

ఏప్రిల్ 25

అశోక్ నగర్ వెళ్లి లాయర్ గారిని కలిశాను. ఏం జరిగినా కోర్టు వేసవి సెలవులు అయ్యాకేనట.

ఏప్రిల్ 27, సాయంత్రం

ఆఫీసు నుంచి నేరుగా నారాయణగూడ, ఎల్లేశం బ్యాటరీ షాపుకు. కారు బ్యాటరీలు రెండు కిరాయికి ఇస్తానన్నాడు. ఒకటి ఇంట్లో వాడుతుంటే ఇంకొకటి షాపులో చార్జింగ్. బస్సు డ్రైవర్ ముందు తిరిగే చిన్న ఫ్యాను, ఒక బల్బు. ఫ్యూజు మాత్రం ముప్పై ఆంపియర్లది పెట్టుకొమ్మన్నాడు. 'చిన్నది పెడితే ఊకె ఎగిరిపోతదక్కా, పరేషాన్ అయితరు.' నాకూ సబబే అనిపించింది.

అక్క ఒప్పుకోలేదు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేసిన మనిషి. 'ఫ్యూజు ఉండేది ఫ్యాను కోసం కాదే, వైరు కోసం. గీ సన్న వైరు ముప్పై మోస్తదా? ఫ్యూజు పోకముందే వైరు అంటుకుంటది' అంది. పన్నెండు వోల్టులకేనా ఇంత భయం అన్నాను. షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారే కక్కుతుందట. పోనీ ఫ్యూజు బదులు ఎంసీబీ స్విచ్ పెడదాం, పడితే లేపుకోవచ్చు అన్నాను. ఇళ్లలో వాడేవి ఏసీ కరెంటు కోసం చేసినవి, బ్యాటరీకి నమ్మలేనంది. ఫ్యాను, బల్బు కలిపి మూడున్నర తీసుకుంటాయి. ఐదు చాలు. అదీ బ్యాటరీ ప్లస్ పక్కనే పెట్టాలి. పడుకున్నచోటి నుంచే ల్యాబ్‌లో పిల్లను ఆడించినట్టు ఆడించింది నన్ను. చాలా రోజులకు నవ్వింది.

ఏప్రిల్ 30

బ్యాటరీ వరండాలో, వైరు అక్క గదిలోకి. ఫ్యాను తిరుగుతోంది. చప్పుడు ఎక్కువ, గాలి తక్కువ. అయినా అక్క నిద్రపోయింది.

మే 11

ఫ్యూజు పోయింది. కర్టెన్ ఫ్యాను రెక్కల్లో చిక్కి మోటారు ఆగిపోయింది. ఆ కారణం దొరికేదాకా కొత్తది వేయనివ్వలేదు అక్క. నేను చెమటతో, విసుగుతో, ఎల్లేశం చెప్పిందే నయం అన్నాను. 'అట్లయితే ఫ్యూజే తీసెయ్యి, పీడా పోతది' అంది. ఇద్దరం అన్నం తినలేదు.

మే 21

భరించలేని ఎండ. కాస్త గాలి వస్తుందని అక్క మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపాను.

మే 23, ఆసుపత్రి వరండా

ఏం రాయాలో తెలియదు. రాయకపోతే కూర్చోలేను.

ఆడిట్ వల్ల లంచ్‌కి ఇంటికి రాలేకపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఫ్యాను ఆగి ఉంది. అక్క ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే కళ్లు తెరిచింది కానీ నన్ను గుర్తుపట్టలేదు.

పక్క సైట్‌లో కూలి చేసే మాసమ్మ రోజూ మధ్యాహ్నం అక్కకు నీళ్లిచ్చి పోతుంది. పాలమూరు మనిషి. ఆటోలో మాతోనే వచ్చింది. దారంతా ఏడుస్తూనే ఉంది. ఆమె వెళ్లేసరికే ఫ్యాను ఆగిపోయిందట. 'గా ఫ్యూజు గాజుబుడ్డి ఇంకోటి ఉంది గద, ఏస్తనంటి. ఎందుకు పోయిందో తెల్వకుండ ముట్టొద్దన్నది పెద్దక్క. చెల్లె వస్తదిలే అన్నది. జరసేపు కొంగుతోటి ఇసిరిన. మేస్త్రి పిలిస్తే పోయిన.'

వడదెబ్బ అన్నాడు డాక్టర్. గుండె తట్టుకోవడం లేదట.

మే 26

పొద్దున పోయింది.

జూన్ 8

ఈరోజు అక్క గదిలో పడుకుందామని మంచం జరిపాను. దాని ఇనుప కాలు వైరును నలిపేసి ఉంది. లోపలి రెండు తీగలూ బయటపడి ఒకదానికొకటి అంటుకున్నాయి. పైన దూది పరుపు అంచు వేలాడుతోంది. ముప్పైది పెట్టి ఉంటే ఆ పరుపు అంటుకునేది, అక్క దాని మీదే ఉండేది. మాసమ్మ ఇంకొకటి వేసినా వెంటనే పోయేదే. అక్క చెప్పిన ప్రతి మాటా నిజమే. అది ఎవరికి చెప్పను? మంచం జరిపింది నేను.

బ్యాటరీలు తీసుకుపోవడానికి ఎల్లేశం వచ్చాడు. ఆ వైరును చేతిలోకి తీసుకుని చూశాడు. కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు.

జూన్ 19

కోర్టు ఆర్డర్ వచ్చింది. లైన్‌మన్ వచ్చి కరెంటు కలిపాడు. గదులన్నీ తిరిగి లైట్లు వేసి చూశాడు. 'ఇంట్ల ఎంతమంది ఉంటరమ్మా?' అన్నాడు.

ఇద్దరం అన్నాను.