బిగించిన బిరడా

శనివారం రాత్రి, నోవై, అమెరికా

కింద నా రూమ్మేట్ కిరణ్ ఇంకా గాజు ముక్కలు ఏరుతున్నాడు. ఆ చప్పుడు వింటూ రాస్తున్నాను.

బేస్‌మెంట్‌లో నేను బీరు పులియబెట్టిన గాజు జాడీ సాయంత్రం బాంబులా పేలింది. గాజు పెంకులు గోడలో దిగబడ్డాయి. ఒకటి కిరణ్ చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

నురగ పొంగినా, గ్యాస్ పుట్టినా బయటి బకెట్‌లోకి పోవాలనే కదా, జాడీ మూతికి లావుపాటి ట్యూబ్ పెట్టి, రెండో కొస ఆ బకెట్ నీళ్లలో ముంచాను! కిరణ్ ఆ ట్యూబ్ పీకేసి, బిరడా బిగించి, పైన టేప్ చుట్టేశాడు.

"మా అంకుల్ వాళ్లు డిన్నర్‌కి వస్తున్నరు గదరా, ఇల్లంతా బీరు వాసన. దోసెల పిండి పొంగితే మూత మీద పప్పు డబ్బా పెడ్తం గదా, గట్లనే అనుకున్న" అన్నాడు.

దోసెల పిండట! వాడి కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాను. మళ్లీ కొట్టాను. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు, పగిలిన జాడీ మూతి నా కుడిచేతిలో ఉంది. దాని అంచు వాడి గొంతుకి ఆనింది. పొడిచేసేవాడినే.

వారమంతా ఆఫీసులో మేనేజర్ ఎన్ని మాటలన్నా, ఉద్యోగంతో పాటే పోయే వీసా గుర్తొచ్చి "ష్యూర్, ష్యూర్" అంటూ నవ్విన నోరే ఇది. కిరణ్ మీద మాత్రం ఎంత మాట పడితే అంత మాట అరిచింది.

కిరణ్ విదిలించుకోలేదు.

"జాడీకి మూత నేనే పెట్టిన, తప్పే" అన్నాడు మెల్లగా. "నీకెవడు పెట్టిండురా?"