చెయ్యెత్తిన పిల్ల

అన్నకు,

నీ చెల్లెలు రూతు వందనాలు. వదినకు, అమ్మకు కూడా చెప్పు. అందరూ బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? అశ్వారావుపేట దవాఖానాలో ఇచ్చిన మాత్రలు వేసుకుంటోందా, తగ్గిపోయిందని చెప్పి బియ్యం డబ్బా వెనక దాచిపెట్టిందా? నేను బాగున్నాను. ఒళ్లు బాగుంది, కాళ్లు బాగున్నాయి, వేళకు తింటున్నాను. ఇది ముందే రాస్తున్నాను. మిగతాది వింటే అమ్మ కంగారు పడుతుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్లో నీతో మాట్లాడితే మన ఇద్దరి మధ్యా మాటంటూ మిగలదు కదా. నువ్వు స్పీకర్ పెడతావు. పామాయిల్ ఫ్యాక్టరీ గేటు ముందు గెలల ట్రాక్టర్లు వరస కట్టి ఉంటాయి, ఆ డ్రైవర్లందరికీ నా సంగతులతో కాలక్షేపం. ఇది వాళ్ల కోసం కాదు. నువ్వు చదువు, చదివాక వదినకు చెప్పాలనిపిస్తే చెప్పు.

మా జట్టు పై లీగ్‌లోనే మిగిలిందని మొన్న ఫోన్లో చెప్పాను. నువ్వు ఈల వేశావు, పక్కవాళ్లు హారన్లు కొట్టారు. ఎలా మిగిలిందో మాత్రం చెప్పలేదు.

కలకత్తాకు చలి ఉండగా వచ్చాను. ఇప్పుడు ఉక్క. పొద్దున ప్రాక్టీసుకు వెళ్లేసరికే జెర్సీ పిండితే నీళ్లు కారేలా ఉంటుంది. సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేచి, దుమ్ము లేచి, వాన దంచి వెళ్తుంది. మన దగ్గర కూడా ఎండాకాలం వానలు పడతాయిగానీ ఇంత కోపంగా పడవు. హాస్టల్లో రెండు పూటలా అన్నం, చేప. చేప మంచిదేగానీ అంతా ఆవనూనె వాసన. బంగాళదుంప లేని కూర నేనింకా చూడలేదు. మొదట్లో ఆ వాసనకు ముద్ద దిగేది కాదు, ఇప్పుడు దిగుతోంది. కొత్త ఆవకాయ పెట్టగానే ఒక చిన్న డబ్బా పంపండి. మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి కట్టమని వదినకు చెప్పు, పోయినసారి నూనె కారి నా బైబిలు అట్ట పాడైంది.

భాష సంగతి అడిగావు. ఖాదర్ భాయ్ చెప్పుల దుకాణంలో కూర్చుని నేర్చుకున్న ఉర్దూతోనే నెట్టుకొస్తున్నాను. ఇక్కడి పిల్లలు తలో రాష్ట్రం నుంచి వచ్చారు, అందరూ హిందీలోనే మాట్లాడతారు. నేను మాట్లాడితే దుకాణంలో బేరం ఆడుతున్నట్టు ఉంటుందట. మొదట్లో అలా నవ్వేవాళ్లు. తర్వాత కొన్నాళ్లు ఎవరూ నాతో నవ్వలేదు. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

నీకు తెలిసిందే, దేశంలో ఆడపిల్లల ఫుట్‌బాల్‌కు ఇదే పై మెట్టు. సీజన్ చివరికి పట్టికలో అడుగున మిగిలిన జట్లు కింది లీగ్‌కు పోతాయి. మా జట్టు పోతే ఆడపిల్లల టీమ్‌నే ఎత్తేస్తారని మొదటి వారం నుంచీ వింటున్నాం. మా కెప్టెన్ సునీత దీ, ఇక్కడ అక్కను దీ అంటారు, జార్ఖండ్ మనిషి. వాళ్ల ఇల్లంతా ఆమె కాళ్ల మీదే నడుస్తోంది. మాతో ఆడే పిల్లల్లో సగం మందిది అదే కథ. నా సంగతి నీకు తెలుసు. టీమ్ పోతే నేను మళ్లీ తోటలో గెలల కింద రాలిన పండ్లు ఏరుకోవాలి. అది తప్పు పని కాదు, అమ్మ ఆ పని చేసే మనల్ని పెంచింది. కానీ నాకు మళ్లీ నడుం వంచాలని లేదు.

సీజన్ సగం దాటాక ఒక ఆట సమంగా నడుస్తోంది. మా గోలు ముందు గుంపులో బంతి ఎగిరి నా మోచేతికి తగిలింది. రిఫరీ మేడం చూడలేదు. అవతలి జట్టు వాళ్లు కూడా చూడలేదు. నా చెయ్యి మాత్రం పైకి లేచింది.

నేను ఎత్తలేదు అన్నా, అదే లేచింది. ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో మనం ఆడినప్పుడు విజిల్ ఎవరి దగ్గర ఉండేది? నువ్వేగా నియమం పెట్టావు. "చేతికి తగిలినోళ్లే చెయ్యెత్తాలె. ఎత్తకపోతే రేపటి సంది ఆటకు రావద్దు" అని. ఎత్తనందుకు ఒకసారి నన్నే వారం రోజులు గట్టు మీద కూర్చోబెట్టావు. అది ఒంట్లో ఎక్కడికి దిగిందో ఆ రోజు తెలిసింది. రిఫరీ మేడం నా చెయ్యి చూసింది, విజిల్ వేసింది, పెనాల్టీ ఇచ్చింది. వాళ్లు గోలు కొట్టారు. మేం ఓడిపోయాం.

ఆ రోజు ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "శభాష్ చెల్లే, నా ఇజ్జత్ నిలబెట్టినవ్" అన్నావు. వెనక డ్రైవర్లు చప్పట్లు. ఆదివారం చర్చిలో పాస్టర్ గారు నా సంగతే ప్రసంగంలో చెప్పారని అమ్మ ఏడ్చింది. "ఏంది బిడ్డా, గొంతు గట్లున్నదేంది, సంతోషపడాలె గానీ" అంది. నాకు ఒళ్లు మండింది. మీరంతా అక్కడ నన్ను మెచ్చుకుంటున్నారు, ఇక్కడ భోజనాల బల్ల దగ్గర నేను కూర్చుంటే పక్కవాళ్లు లేచి వెళ్తున్నారు. సునీత దీ పేరు పెట్టి పిలవడం కూడా మానేసింది. గ్రౌండులో "ఓయ్ లెఫ్ట్" అని పిలిచేది, నేను ఆడే పక్క అది. నా గదిలో ఉండే సెల్వి ఒక్కతే మాట్లాడేది. అదీ గదిలో, తలుపు వేసి ఉన్నప్పుడు.

కోచ్ సర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆఫీసు గదిలోకి పిలిచి, కూర్చోమని, నెమ్మదిగా అడిగాడు.

"ఇంకోసారి తగిలితే నీ చెయ్యి లేస్తుందా?"

"తగలకుండా ఆడతాను సర్."

"నేను అడిగింది అది కాదు."

లేవదని చెప్తే అబద్ధం, లేస్తుందంటే ఇంటికి పంపుతాడు. తల వంచుకుని కూర్చున్నాను. తర్వాత నుంచి నా చోట సెల్విని ఆడించాడు, నేను బయట బెంచీ మీద. నీ గట్టు మీదే కూర్చున్నట్టు ఉంది. అప్పుడు చెయ్యెత్తనందుకు, ఇప్పుడు ఎత్తినందుకు.

ఆటలు అయిపోతున్నాయి. ఒకటి ఓడాం, ఒకటి సమం. పట్టికలో మా పేరు కిందికి జారుతోంది. ఆఖరి ఆటకు వచ్చేసరికి లెక్క తేలిపోయింది. ఓడితే కిందికి. గెలవక్కర్లేదు, ఓడకపోతే చాలు. ఆ వారం హాస్టల్లో ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. సునీత దీ వాళ్ల అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ మెట్ల మీద కూర్చునేది, నేను వస్తే గొంతు తగ్గించేది. చివరి ప్రాక్టీసులో సెల్వి చీలమండ మెలిక పడింది. వాచి బూటు కూడా ఎక్కలేదు. కోచ్ సర్ నా వైపు చూసి నా నంబరు జెర్సీ తీసి ఇచ్చాడు.

గ్రౌండులోకి వెళ్లాక చూస్తే అదే రిఫరీ మేడం. ఆరోజు పెనాల్టీ ఇచ్చిన ఆమె. నన్ను చూసి గుర్తుపట్టి చిన్నగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వాళ్లు ముందు కొట్టారు, మేం తర్వాత కొట్టాం. ఒకటి ఒకటి. ఎండ వేడికి మెడ వెనక కాలిపోతోంది. ఇంక కొద్దిసేపే ఉంది. స్టాండులో ఉన్న వాళ్లు లేచి నిలబడ్డారు. మూల నుంచి వాళ్లు బంతి లోపలికి వేశారు. నేనూ సునీత దీ ఒకేసారి ఎగిరాం, భుజం భుజం రాసుకునేంత దగ్గరగా. బంతి తగిలిన చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది. బంతి గోలు పక్కగా వెళ్లి గీత దాటింది.

అవతలి వాళ్లందరూ చేతులెత్తి రిఫరీ మీదికి పరిగెత్తారు. చెయ్యి, చెయ్యి అని అరుపులు. మేడంకు మా వీపులు అడ్డం వచ్చినట్టున్నాయి. గీత దగ్గర జెండా పట్టుకున్న ఆమె కూడా తల అడ్డంగా ఊపింది. టీవీలో మళ్లీ వేసి చూసే ఏర్పాటు ఇక్కడ లేదు. మేడం వాళ్లందరినీ పక్కకు నెట్టుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. సునీత దీ దగ్గరికి పోలేదు, నా దగ్గరికే.

"నీ చేతికి తగిలిందా?" అని అడిగింది.

"నాకు తగల్లేదు మేడం."

అది నిజం అన్నా. ప్రమాణం చేసి చెప్తాను. నాకు తగల్లేదు. మేడం తల ఊపి, పెనాల్టీ లేదని, మళ్లీ మూల నుంచే వేయమని చేయి చూపించింది. అవతలి జట్టు కెప్టెన్ వచ్చి ఏదో అనబోతే మేడం, "ఆ అమ్మాయి చెప్పింది, ఆమె అబద్ధం చెప్పదు" అంది. నేను విన్నాను. సునీత దీ కూడా వింది.

తగిలింది సునీత దీకి. ముంజేతికి. నా కళ్ల ముందే.

వాళ్లు బంతి తెచ్చుకుని మూలకు వెళ్లేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను. సునీత దీ నా వైపు చూడలేదు, జుట్టు ముడి విప్పి మళ్లీ కట్టుకుంది. మేడం నాకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. చెప్పనా అనుకున్నాను, ఆమె అడిగింది నా చెయ్యి గురించే కదా అనుకున్నాను, సునీత దీ వాళ్ల అమ్మ గుర్తొచ్చింది, తోటలో అమ్మ గుర్తొచ్చింది. ఇంతలో బంతి వచ్చేసింది. తలతో కొట్టి బయటికి పంపాను. ఆఖరి విజిల్ పడింది.

తర్వాతదంతా నీకు తెలిసిందే, వీడియో చూశావు కదా. అందరూ నా మీద పడి కౌగిలించుకున్నారు. కోచ్ సర్ ఏడ్చాడు. రిఫరీ మేడం వచ్చి నా చెయ్యి పట్టుకుని, "నీలాంటి వాళ్లు ఉంటే మా పని సులువమ్మా" అంది. నాకు తల తీసేసినట్టయింది. ఆమె చేతిలోంచి నా చెయ్యి ఎప్పుడు లాక్కుందామా అని చూశాను.

మర్నాడు మధ్యాహ్నం హాస్టల్లో విందు. మేక మాంసం వండారు. బల్ల దగ్గర నా పక్కన చోటు కోసం పోట్లాడుకున్నారు, నమ్ముతావా? సునీత దీ వచ్చి వాళ్లందరినీ లేపి నా పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత పేరు పెట్టి పిలిచింది. "రూత్, వచ్చే సీజన్ నుంచి గోలు ముందు మేమంతా నీ పక్కనే నిలబడతాం. మేడం నిన్ను అడుగుతుంది, నువ్వు నిజం చెప్తావు, మాకు భయం లేదు" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను అన్నా. అది ఇప్పటికీ మింగుడు పడటం లేదు. నవ్వి, రెండు ముద్దలు తిన్నాక చెప్పాను.

"వచ్చేసారి ఆమె అడగక్కర్లేదు దీ. ఎవరికి తగిలినా నేనే చెప్తాను."

నవ్వులు ఆగిపోయాయి. సునీత దీ కోప్పడలేదు. తన కంచం ఖాళీ చేసి, లేచి, చేయి కడుక్కుని వస్తూ నా భుజం మీద తట్టింది.

"సీజన్ అయిపోయింది కదా రూత్, ఇప్పుడు చెప్పడం సులువే" అంది.

ఆమె నన్ను వెక్కిరించలేదు. ఉన్నమాట అంది. బంతి తెచ్చేంతసేపు నాకు టైముంది, మేడం పక్కనే ఉంది. అప్పుడు నేను నోరు తెరవలేదు. నువ్వు అక్కడ ఉండి ఉంటే ఏమనేవాడివో నాకు తెలియదు. మెట్ల మీద కూర్చుని ఆమె వాళ్ల అమ్మతో మాట్లాడటం చూసి ఉంటే నువ్వు కూడా నోరు మూసుకునేవాడివేమో. ఆలోచించి రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు, స్పీకర్ మాత్రం పెట్టకు. పాస్టర్ గారు మళ్లీ నా పేరెత్తబోతే ఏదో ఒకటి చెప్పి ఆపు.

వచ్చే సీజన్‌కు కూడా ఉండమన్నారు. ఉంటానన్నాను. సునీత దీ కూడా ఉంటోంది, మళ్లీ ఆమె పక్కనే ఆడాలి. సెలవులకు వచ్చే నెల బయల్దేరతాను, రైలు దిగాక బస్సు ఎక్కి ఫోన్ చేస్తాను. ట్రాక్టర్ క్లచ్ బాగు చేయించావా? గెలలు ఎక్కువ నింపి ఘాట్ దగ్గర తొందరపడకు. ఖాదర్ భాయ్‌కి సలాం చెప్పు, ఆయన ఇచ్చిన బూట్లు అరిగాయిగానీ పారేయలేదని చెప్పు. పాస్టర్ గారికి, పక్కింటి పెద్దమ్మకు, చర్చిలో అందరికీ నా వందనాలు. పెద్దవాళ్లందరి దీవెన నా మీద ఉండాలి.

అమ్మ రోజూ ప్రార్థనలో నా కాళ్లకు దెబ్బ తగలకూడదని అడుగుతుంది కదా. ఇకమీదట నా నోటి కోసం కూడా అడగమని చెప్పు.

నీ చెల్లెలు
రూతు