నా రంగు సీసా

ఆదివారం రాత్రి

రేపు తమ్ముడి కూతురి పెళ్లి. ఫౌండేషన్ కొందామని నల్లగొండ బజారుకు పోయాను. షాపులో అమ్మాయి నా ముఖం సరిగా చూడకుండానే నాకంటే రెండు షేడ్లు తెల్లటి సీసా తీసింది.

"గిది పెట్టుకోండ్రి మేడం, ఫోటోలల్ల మంచిగొస్తరు."

"నా రంగు కావాలె బిడ్డా. తెల్లరంగు నేనడిగిన్నా?"

"అందరు గిదే కొంటరు."

"అందరికీ నువ్వు గిదే చూపిస్తున్నవు గదా!"

నా చర్మం అడుగున పసుపు ఛాయ ఉంది. అక్కడున్నవన్నీ గులాబీ ఛాయవే. ముదురు రంగు మనుషులు ఇవి కొనరనుకున్నారేమో! వాదించి, చివరికి అడుగు అరలోంచి పసుపు ఛాయది ఒకటి తీయించాను.

ఇంటికొచ్చి దవడ మీద కొంచెం రాసుకుని, అద్దంతో వాకిట్లో ఎండలో నిలబడ్డాను. మా మగ్గాల ఇళ్లలో నూలు రంగు సరిచూడటానికి ఇద్దరు కావాలి. అమ్మ రంగేసిన నూలు కట్టను, అంటే చిలపను, ఎండలో పట్టుకునేది, బాపు దూరంగా నిలబడి చెప్పేవాడు. పట్టుకున్న మనిషికి తేడా తెలియదు.

నా ముఖానికి అలా దూరంగా నిలబడి చూసి చెప్పేది అక్క. "జర ఎండలకు రా పోరీ, మెడ ఒక రంగు, ముఖం ఒక రంగున్నయ్" అని నవ్వేది. అక్క చనిపోయింది.

దవడ మీద రాసుకున్నది ఇంకా కడుక్కోలేదు. నా రంగులో కలిసిందో లేదో...