తలుపు వెయ్యని జోలపాట

అమ్మకు,

నీ చిన్న కూతురు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. నువ్వూ, అక్కా, బావగారూ, పగలంతా పడుకుని రాత్రంతా కచేరీ పెడుతున్న ఆ కొత్త పెద్దమనిషీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అక్క అసలే బాలింత. దానికి కోపం వచ్చినప్పుడు నువ్వే ఓ మెట్టు దిగు. నీకు దిగడం చేతకాదని తెలిసే రాస్తున్నాను.

గొంతు బాగుపడిందా అని అడిగావు. పడింది. మాట్లాడటం తగ్గించమన్నాడు డాక్టరు. ఐదేళ్ళ పిల్లల క్లాసులో అదెలాగో మాత్రం మందుల చీటీలో రాయలేదు. గోడ చెమ్మ ఆరిందా అన్నావు. ఆరలేదు, మంచం ఇవతలికి జరుపుకున్నాను. ఇక మూడోది, నా చిన్నప్పటి జోలపాట చివరి లైను సంగతి ఇప్పుడెందుకు అడిగావు, ఒంట్లో బాగాలేదా అన్నావు. దానికి జవాబు పెద్దది. నాకేమీ కాలేదు కనుక కంగారు పడకుండా చదువు, అక్కడికే వస్తాను.

ఈ ఏడు మా పెద్ద టీచరుగారు కొత్త పని పెట్టారు. ప్రతి పిల్లా తనెవరో, తన ఇల్లు ఎలాంటిదో, తనవాళ్ళ దగ్గర నుంచి తనకేం వచ్చిందో క్లాసులో అందరికీ చెప్పాలి. మిగతా గదుల్లో గోడలనిండా పాత ఫోటోలు అంటించారు, తాతల కోట్లు పిల్లలకి తొడిగారు. ఒకడు ఆ కోటు కాళ్ళకి అడ్డంపడి బోర్లా పడ్డాడు. ఐదేళ్ళదానికి ముత్తాత సంగతి ఏం తలకెక్కుతుంది? తనని ఏం పాడి నిద్రపుచ్చుతారో అదైతే తెలుస్తుంది. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టడం ఎలాగూ నా పనే కదా. అందుకని ఇంటికొక జోలపాట తెమ్మన్నాను. రోజుకొకరి ఇంటివాళ్ళు వచ్చి, పిల్లలు చాపలమీద పడుకున్నాక పాడాలి. నేను నేర్చుకుని, ఆ తరువాత ఎవరి ఇంటిపాట వాళ్ళ పక్కన కూర్చుని పాడతాను. నా గొంతు పోయింది ఇందుకే.

నువ్వుంటే నవ్వలేక చచ్చేదానివి. బస్సు కండక్టరుగారి మనవడికి పాటే లేదు. వాళ్ళ తాత బస్టాపుల పేర్లు వరసగా చదువుతాడు, వాడు ఆసుపత్రి దాటి రైల్వే గేటు చేరేలోగా నిద్రపోతాడు. ఇంకొకడు లేచి, "మా ఇంట్లో పాట లేదు టీచర్, ఫ్యానుంది," అన్నాడు. వాడి పక్కన కూర్చుని నేను ఫ్యాను శబ్దం చేస్తున్నాను. రోజులు గడిచేకొద్దీ పిల్లలకి ఎవరి పాట ఎవరిదో తెలిసిపోయింది. పొరపాటున ఒకరిది ఇంకొకరికి పాడితే పదిమందీ లేచి కూర్చుని, "అది వాళ్ళింటిది టీచర్," అని తగువుకి వస్తారు.

మా క్లాసులో ఒక పిల్ల ఉంది. ఒక్కచోట నిలవదని బొంగరం అంటాం. వాళ్ళ అమ్మ బట్టల దుకాణాలకి గుండీలు కుట్టిచ్చేది. సిగ్గరి మనిషి. గోడవైపు తిరిగి పాడింది.

"వాన వెలిసింది, వాకిలి ఆరింది,
పిట్ట గూటికి చేరి రెక్క ముడిచింది,
దీపం సన్నగా చేసి పక్క పరిచాను..."

అంతవరకూ వచ్చేసరికి కండక్టరుగారి మనవడు నీళ్ళసీసా చాపమీద ఒలకబోశాడు. నేను గుడ్డ తెచ్చి తుడిచి వచ్చేసరికి ఆవిడ చెప్పులు వేసుకుంటోంది. "పాట బాగుందండీ," అన్నాను. "ఏదో, మా అమ్మ పాడేది," అని తలవంచుకుని వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారట. ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. నీకు అప్పుడు రాయలేదు.

బొంగరం మళ్ళీ బడికి వచ్చింది గానీ తిరగడం మానేసింది. మధ్యాహ్నం అందరూ నిద్రపోతే తను మాత్రం కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తుండేది. ఒకరోజు నా కొంగు పట్టుకుని, "మా ఇంటి పాట పాడరా?" అంది. పాడాను. నిద్రపోయింది. ఆ సాయంత్రం వాళ్ళ నాన్నతో చెప్పినట్టుంది, మర్నాడు అతను గేటు దగ్గర నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, గోళ్ళలో గ్రీజు. "ఇంట్లో నిద్రపోవడం లేదు టీచర్. నాకు వరస తెలుసు గానీ మాటలు రావు. నేర్పుతారా?" అన్నాడు. పిల్ల బూట్లు వేసుకునేలోగా రోజూ ఒక్కొక్క లైను చెప్పాను. ఎక్కాలు అప్పజెప్పినట్టు భయం భయంగా నేర్చుకున్నాడు. వాళ్ళిద్దరూ వెళుతుంటే వెనకనుంచి చూసి, నా బతుకులో ఒక మంచి పని చేశాననుకున్నాను.

తరువాత ఒకరోజు అతను అన్నాడు. "పడుకుంటోంది టీచర్. కానీ రాత్రిళ్ళు తలుపు వెయ్యనివ్వడం లేదు. అమ్మ ఇక్కడే ఉన్నానంది కదా అంటోంది."

ఇప్పుడు నువ్వడిగినదానికి వస్తున్నాను.

ఆ పాట చివరి లైను నేను వినలేదమ్మా. నీళ్ళు తుడుస్తున్నాను. ఇంకోరోజు అడగవచ్చులే అనుకున్నాను. ఆ పిల్ల పాడమన్న రోజు మూడో లైను దగ్గర ఆగిపోయాను. అది నా మొహంలోకే చూస్తోంది. నాకు తెలియకుండానే నీ లైను నోట్లోంచి వచ్చేసింది. "తలుపు వెయ్యలేదమ్మా, నేనిక్కడే ఉన్నాను." చీకటంటే చచ్చేంత భయపడే నాకోసం నువ్వు పాడిన ఆ లైను. తల్లి పోయిన పిల్లకి, ఆ తల్లి నోటి మాటగా అది ఇచ్చాను. వాళ్ళ నాన్నకీ అదే నేర్పాను. ఆ లైను అమ్మమ్మ దగ్గర నేర్చావా అని అందుకే రాశాను. నలుగురూ పాడేదైతే నా తప్పు కాస్త తగ్గుతుందని ఆశపడ్డాను. "నీకోసం నేను కట్టిందే, ఇంకెవరికీ పాడలేదు, మనవడికి కూడా పాడటం లేదు," అని నువ్వు రాసేసరికి ఆ ఆశా పోయింది. ఆ పిల్ల తలుపు తీసుకుని అమ్మకోసం ఎదురుచూస్తోందంటే నావల్లే కదా.

మొన్న సాయంత్రం అతనికి చెప్పేశాను. తిడితే పడదామనే వెళ్ళాను. అతను బూటుతో నేలమీద కాసేపు రాసి అన్నాడు. "అక్కడ లైను లేదు టీచర్. మా ఆవిడకీ రాదు. వాళ్ళమ్మ పాడగా విని మరిచిపోయింది. అక్కడికొచ్చేసరికి ఊఁ ఊఁ అని లాగించేది. నేను పక్క గదిలోంచి నవ్వేవాణ్ణి."

"అయితే మీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"పిల్ల పడుకుంటోంది కదండీ." గోళ్ళలో గ్రీజు గీరుకుంటూ, "నాకూ తలుపు వెయ్యబుద్ధి కాలేదు," అన్నాడు. పిల్లకి తల్లి మాటే ఉండాలి, నా మాట కాదు, ఇకమీదట అక్కడ ఊఁ ఊఁ అనే పాడతాను అని చెప్పి వచ్చాను. సరేనన్నాడు.

నిన్న మధ్యాహ్నం బొంగరం పక్కన కూర్చున్నాను. మూడు లైన్లు పాడి, నాలుగోచోట ఊఁ ఊఁ అన్నాను. అది కళ్ళు తెరిచింది.

"అమ్మ కూడా ఇక్కడ మరిచిపోయేది," అంది.

దాని తల్లి దానిదగ్గర భద్రంగానే ఉంది, మరుపుతో సహా. నేను దేన్నీ చెరపలేదు. అది నా చేతిమీద తన చెయ్యి వేసి జోకొడుతూ, "తలుపు వెయ్యలేదమ్మా," అని మొదలుపెట్టి, లైను మొత్తం పాడి వినిపించింది. తరువాత క్లాసు గుమ్మంవైపు చూసింది.

"అమ్మ రాదు కదా టీచర్?"

ఇన్నాళ్ళూ ఎవరమూ ఆ పిల్లతో అనని మాట అది. "రాదమ్మా," అన్నాను.

"అయినా తలుపు తీసే ఉంచండి," అని అటు తిరిగి పడుకుంది.

లేచి వెళ్ళి, సగం మూసి ఉన్న తలుపు బార్లా తీశాను. వసారాలో చప్పుడికి ఫ్యాను పిల్లాడు లేచాడు, వాణ్ణి మళ్ళీ పడుకోబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏడవడానికి కూడా తీరిక లేదమ్మా ఈ ఉద్యోగంలో. ఇంటికొచ్చి ఏడ్చాను.

నీ లైను ఇంకొకరికి ఇచ్చేశాను, కోప్పడకు. అక్క కొడుకుకీ పాడు. దాచుకోవద్దు. ఈ ఉత్తరం అందాక ఒకసారి ఫోన్ చెయ్యి. మాట్లాడక్కర్లేదు, పాడితే చాలు.

ఇట్లు,
ఇప్పటికీ తలుపు తీసుకునే పడుకునే
నీ చిన్నది